బలం సూది నుంచి విటమిన్ డ్రిప్ దాకా: బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్లపై రివ్యూ

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్ళి నీరసంగా ఉందంటే వచ్చే ప్రశ్న ఒకటే: "సూది వేయమంటారా, సెలైన్ పెట్టమంటారా?" హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో అదే వస్తువు మెత్తటి రిక్లైనర్ కుర్చీలో, 'ఎనర్జీ', 'గ్లో', 'డీటాక్స్' అనే మెనూ పేర్లతో, వేల రూపాయల బిల్లుతో వస్తుంది. సీసాలో ఉండేది మాత్రం చాలావరకు ఒకటే. అందుకే ఈ రివ్యూలో మూడింటినీ కలిపి చూస్తున్నాం: అన్ని బి-విటమిన్లూ కలిపిన ఆంప్యూల్, బి12 ఒక్కటే ఉన్న ఇంజెక్షన్, వెల్‌నెస్ సెంటర్లు అమ్మే ఐవీ (రక్తనాళంలోకి ఎక్కించే) డ్రిప్.

తీర్పు ముందే చెప్పేస్తాం. బి12 లోపం ఉన్నవాళ్ళకు ఆ ఇంజెక్షన్ చాలా మంచి మందు. కలగలుపు ఆంప్యూల్ కొద్దిమందికి, అదీ కొద్ది రోజులకే. తిండి తిని నీళ్ళు తాగగలిగిన ఆరోగ్యవంతుడు డ్రిప్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు. ఎందుకో, ఎవరికి ప్రమాదమో, తప్పనిసరైతే ఎలా వేయించుకోవాలో కింద వివరంగా ఉంది.

ముందు కలగలుపు ఆంప్యూల్ సంగతి. ఆప్టిన్యూరాన్, న్యూరోబియాన్ పేర్లు వినని ఇల్లు మన దగ్గర తక్కువే. ఈ తరహా 3 మి.లీ. ఆంప్యూల్‌లో సాధారణంగా బి1 (థయమిన్) 100 మి.గ్రా., బి2 5 మి.గ్రా., బి6 (పైరిడాక్సిన్) 100 మి.గ్రా., నికోటినమైడ్ (బి3) 100 మి.గ్రా., డి-పాంథెనాల్ (బి5 రూపం) 50 మి.గ్రా., బి12 1000 మైక్రోగ్రాములు ఉంటాయి. బ్రాండ్ మారితే కూర్పు మారుతుంది. 2 మి.లీ. ఆంప్యూళ్ళు కొన్నిటిలో బి1 అసలు ఉండదు. "బి-కాంప్లెక్సే కదా" అని షాపతను ఒకదానికి బదులు ఇంకొకటి ఇస్తే తీసుకోవద్దు, చీటీ మీద రాసింది రాసినట్టు అడగండి.

ఆ అంకెలను రోజువారీ అవసరంతో పోల్చి చూడండి. పెద్దవాళ్ళకు బి1 రోజుకు రెండు మి.గ్రా. లోపే చాలు. బి6 రెండు మి.గ్రా. చుట్టూ. బి12 రెండు రెండున్నర మైక్రోగ్రాములు. ఒక్క సూదిలో దొరికేది దీనికి పదుల రెట్లు, బి12 అయితే వందల రెట్లు. ఇవి నీటిలో కరిగే విటమిన్లు కాబట్టి మిగిలిందాన్ని మూత్రపిండాలు బయటికి తోస్తాయి. సూది వేయించుకున్న పూట మూత్రం చిక్కటి పసుపు రంగులో రావడానికి కారణం బి2. అది మందు బాగా పట్టిందనడానికి గుర్తు కాదు, ఎక్కువైంది పోతోందని గుర్తు. నోట్లో ఒక రకం గంధకం వాసన లాంటిది తగిలితే అది బి1 వల్ల. భయపడాల్సింది కాదు.

మరి సూది పడిన గంటకే ఒళ్ళు తేలికైందని చాలామంది చెబుతారే? లోపం లేని మనిషికి గంటలో బలం ఇచ్చే గుణం ఈ విటమిన్లలో లేదు. పడుకోబెట్టారు, ఎవరో పట్టించుకున్నారు, సెలైన్‌తో నీళ్ళు ఎక్కాయి. వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఇంకో కారణం కూడా ఉంటుంది, దాన్ని తప్పక అడిగి తెలుసుకోవాలి: ఆ సిరంజిలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిపారా? స్టెరాయిడ్ పడితే నొప్పులు తగ్గి హుషారు వస్తుంది, ఆకలి పుడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు ఆ రాత్రే రీడింగ్ పైకి పోతుంది. పదేపదే పడితే ఎముకలు, అడ్రినల్ గ్రంథులు దెబ్బతింటాయి. ఖాళీ ఆంప్యూళ్ళు చూపించమని అడగడం మీ హక్కు. చూపించని చోట వేయించుకోవద్దు.

ఈ ఆంప్యూల్‌లో అసలు జాగ్రత్తపడాల్సింది బి6 విషయంలో. పైరిడాక్సిన్ ఎక్కువ రోజులు ఎక్కువగా పడితే స్పర్శ నరాలు దెబ్బతింటాయి. రోజుకు గ్రాముల లెక్కన మింగినవాళ్ళలో నడక తూలిపోయేంత నరాల జబ్బు వచ్చిందని 1983లోనే వైద్యపత్రికల్లో రాశారు. తర్వాత తక్కువ మోతాదుల్లో, నెలల తరబడి వాడినవాళ్ళలోనూ కేసులు కనిపించాయి. యూరప్ ఆహార భద్రత సంస్థ 2023లో పెద్దలకు రోజువారీ గరిష్ఠ పరిమితిని 12 మి.గ్రా.కు దించింది. అమెరికాలో ఆ పరిమితి 100 మి.గ్రా. మన ఆంప్యూల్ ఒక్కటే ఆ 100ను అందుకుంటుంది. వైద్యుడు రాసిన చిన్న కోర్సు వల్ల ఇబ్బంది రావడం అరుదు. కానీ వారం వారం 'బలానికి' వేయించుకుంటూ, పైన బి-కాంప్లెక్స్ మాత్ర, నరాల మాత్ర, మెగ్నీషియం-బి6 పొడి కూడా వాడేవాళ్ళు ఎంతోమంది. అన్నిట్లోని బి6 కలిపి లెక్కేసేవాళ్ళు లేరు.

ఇక్కడే పెద్ద గోతి ఉంది. బి6 ఎక్కువైతే వచ్చే లక్షణాలు కాళ్ళ తిమ్మిర్లు, అరికాళ్ళ మంటలు, సూదులతో గుచ్చినట్టుండటం, చీకట్లో అడుగు తడబడటం. ఏ బాధకు సూది మొదలుపెట్టారో సరిగ్గా అదే. మనిషి "ఇంకా తగ్గలేదు, ఇంకో కోర్సు వేయండి" అంటాడు, వేసేవాళ్ళు వేస్తూ పోతారు. రెండు మూడు వారాల కోర్సు తర్వాత తిమ్మిర్లు తగ్గకపోగా పెరిగితే ఆంప్యూల్ ఆపించి, వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. బి6 ఆపేస్తే చాలామందిలో లక్షణాలు నెమ్మదిగా తగ్గుతాయి, అందరిలోనూ పూర్తిగా పోతాయని మాత్రం చెప్పలేం.

ఇక బి12 ఒక్కటే ఉన్న ఇంజెక్షన్. మూడింటిలో మా పూర్తి మార్కులు దీనికే, సరైన మనిషికి పడితే. ఆ సరైన మనిషి ఎవరంటే: ఏళ్ళ తరబడి పాలు గుడ్లు కూడా పెద్దగా ముట్టని శాకాహారులు, మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడుతున్న షుగర్ రోగులు, గ్యాస్ మాత్ర ఏళ్ళకేళ్ళు మింగేవాళ్ళు, బరువు తగ్గే సర్జరీ అయినవాళ్ళు, చిన్నపేగు చివరి భాగం తీసేసినవాళ్ళు, కడుపులో బి12ను పట్టుకునే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ తయారుకాని పెర్నీషియస్ అనీమియా ఉన్నవాళ్ళు. నాలుక నున్నగా ఎర్రబడటం, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కడం, మతిమరుపు, నడకలో తూలు, రక్తపరీక్షలో ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) పెరగడం లాంటివి లోపాన్ని పట్టిస్తాయి.

సూదికి ముందు రక్తం తీయించాలి, తర్వాత కాదు. ఒక్క సూది పడ్డాక సీరం బి12 అంకె ఆకాశానికి లేస్తుంది, ఆ రిపోర్టు వల్ల ఉపయోగం ఉండదు. మి.లీ.కు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమే. 200-300 మధ్య ఉంటే లక్షణాలను బట్టి హోమోసిస్టీన్, మిథైల్‌మెలోనిక్ యాసిడ్ పరీక్షలు అడుగుతారు. నరాల లక్షణాలు బలంగా ఉంటే రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు మొదలుపెట్టడం సరైన పద్ధతి, ఎందుకంటే నరాలకు ఆలస్యమే శత్రువు.

మోతాదు పద్ధతులు దేశాన్ని బట్టి, మందు రూపాన్ని బట్టి మారతాయి. బ్రిటన్‌లో హైడ్రాక్సోకోబాలమిన్ అనే బి12 రూపం 1 మి.గ్రా. వారానికి మూడు చొప్పున రెండు వారాలు, తర్వాత రెండు మూడు నెలలకొకటి. నరాలు దెబ్బతింటే మెరుగుదల ఆగేదాకా రోజు విడిచి రోజు. మన దగ్గర ఎక్కువగా దొరికేది మిథైల్‌కోబాలమిన్, సయనోకోబాలమిన్. హైడ్రాక్సో రూపం ఒంట్లో ఎక్కువ సేపు నిలుస్తుంది, సయనో త్వరగా మూత్రంలో పోతుంది. లెబర్ ఆప్టిక్ న్యూరోపతీ అనే వంశపారంపర్య కంటిజబ్బు ఉన్న కుటుంబాల్లో సయనో రూపం వాడకూడదు, చూపు వేగంగా పోయే ప్రమాదం ఉంది. హిమోగ్లోబిన్ బాగా పడిపోయినవాళ్ళకు చికిత్స మొదలైన తొలి రోజుల్లో పొటాషియం తగ్గవచ్చు. కొత్త రక్తకణాలు ఒక్కసారిగా తయారవుతూ దాన్ని లాగేసుకుంటాయి. అలాంటివాళ్ళకు ఇంటిదగ్గర సూదులు కాదు, ఆసుపత్రి పర్యవేక్షణ కావాలి.

సూదంటే భయం ఉన్నవాళ్ళకు మంచి వార్త: నోటి మాత్రతోనూ చాలామందికి పని జరుగుతుంది. పేగు దారి దెబ్బతిన్నా, ఎక్కువ మోతాదు మింగితే దాదాపు ఒక శాతం దానంతటదే ఇంకుతుంది. 1000 మైక్రోగ్రాముల మాత్రలో ఒక శాతమంటే పది మైక్రోగ్రాములు, రోజువారీ అవసరం కంటే ఎక్కువే. నరాల లక్షణాలు ముదిరినప్పుడు, లోపం తీవ్రంగా ఉన్నప్పుడు, వాంతులతో మాత్ర నిలవనప్పుడు మాత్రం సూదే ముందు.

ఒక మాట ఫోలిక్ యాసిడ్ గురించి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల బృందం 1940లలో తయారుచేసిన మందు ఇది. రక్తహీనతకు ఇంత మేలు చేసిన మందే, బి12 లోపం ఉన్న మనిషికి ఒంటరిగా ఇస్తే రక్తాన్ని సరిచేసి నరాల నష్టాన్ని కప్పేస్తుంది. రిపోర్టులో హిమోగ్లోబిన్ పెరిగిందని సంబరపడుతుండగానే వెన్నుపాము దెబ్బతింటూ ఉంటుంది. అందుకే బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ పెద్ద మోతాదు మాత్రలు సొంతంగా వాడొద్దు.

బి1 ఇంజెక్షన్ నిజంగా ప్రాణం నిలబెట్టే సందర్భం ఒకటుంది, దాన్ని వెల్‌నెస్ బోర్డుల మీద ఎవరూ రాయరు. రోజూ తాగి తిండి మానేసిన మనిషి, వేవిళ్ళతో వారాల తరబడి ఏదీ కడుపులో నిలవని గర్భిణి, పస్తులతో చిక్కిపోయిన వృద్ధుడు. వీళ్ళ ఒంట్లో థయమిన్ అడుగంటి ఉంటుంది. నీరసంగా ఉన్నారు కదా అని ముందే గ్లూకోజ్ ఎక్కిస్తే, ఆ చక్కెరను ఖర్చు చేయడానికి మిగిలిన కాస్త థయమిన్ కూడా అయిపోయి వెర్నికె ఎన్‌కెఫలోపతీ అనే మెదడు జబ్బు బయటపడవచ్చు. చూపు రెండుగా కనిపించడం, కనుగుడ్లు వణకడం, నడక తూలడం, మనిషి అయోమయంలో పడటం దాని గుర్తులు. థయమిన్ ముందుగానో గ్లూకోజ్‌తో పాటుగానో పడాలి. ఇది ఆసుపత్రి పని, ఆర్‌ఎంపీ మంచం మీద చేసే పని కాదు.

ఇప్పుడు డ్రిప్ సేవ. దీని మూలం అమెరికాలోని బాల్టిమోర్ వైద్యుడు జాన్ మైయర్స్ వాడిన మిశ్రమం: మెగ్నీషియం, కాల్షియం, బి-విటమిన్లు, విటమిన్ సి. 'మైయర్స్ కాక్‌టెయిల్' అనే పేరుతో 2002లో అలన్ గేబీ రాసిన వ్యాసం తర్వాత ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. అలసటకు, చర్మకాంతికి, రోగనిరోధక శక్తికి పనిచేస్తుందని గట్టి పరిశోధన లేదు. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో ఇలాంటి క్లినిక్‌లలో శుభ్రత లేని చోట మందులు కలుపుతున్నారని హెచ్చరించింది కూడా. అమెరికాలో ఉన్న మనవాళ్ళు మాల్స్‌లో కనిపించే ఐవీ బార్లకు వెళ్ళేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సీసా లెక్క చూడండి. అర లీటరు నార్మల్ సెలైన్ అంటే అర లీటరు నీళ్ళు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరైతే 25 గ్రాముల గ్లూకోజ్, వంద కేలరీలకు మించదు. రెండు ఇడ్లీలు తిన్నా దాదాపు అంత బలం వస్తుంది. బీపీ, గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఆ ఉప్పునీళ్ళు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తాయి. కిడ్నీ జబ్బుంటే మెగ్నీషియం పేరుకుపోతుంది. విటమిన్ సి ఎక్కువ మోతాదులో కలిపితే జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్ళకు ఎర్రకణాలు పగిలిపోతాయి. ఆ పరీక్ష చేయకుండా సి డ్రిప్ పెట్టే సెంటర్ నుంచి లేచి వచ్చేయండి.

జుట్టు కోసం కలిపే బయోటిన్ (బి7) ఇంకో రకం చిక్కు తెస్తుంది. అది ఒంటికి హాని చేయకపోయినా ల్యాబ్ రిపోర్టులను తప్పుదారి పట్టిస్తుంది. బయోటిన్ ఎక్కువగా ఉంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపించి లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. గుండెపోటు పరీక్ష ట్రోపోనిన్ తప్పుగా తక్కువ రావచ్చు. దీని మీద ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. రక్తపరీక్షకు వెళ్తే డ్రిప్ ఎప్పుడు పెట్టించుకున్నారో ల్యాబ్‌లోనూ డాక్టరుకూ చెప్పండి.

వేయించుకోక తప్పని పరిస్థితిలో సరైన పద్ధతి ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఆంప్యూల్ గోధుమరంగు గాజులో ఉండాలి, వెలుతురు తగిలితే బి2, బి12 చెడిపోతాయి. ద్రావణం తేటగా ఉండాలి. అడుగున రేణువులు, మబ్బు కనిపిస్తే పారేయాల్సిందే. మెడ విరిచేటప్పుడు గాజు ముక్కలు లోపల పడతాయి కాబట్టి మందు లాగిన సూదితోనే పొడవకుండా కొత్త సూది మార్చాలి. సిరంజి ప్యాకెట్ మీ కళ్ళముందే చించాలి. 3 మి.లీ. మందు భుజానికి ఎక్కువ. అక్కడి కండరం ఒకటి, మహా అయితే రెండు మి.లీ. పట్టుకుంటుంది. తుంటి పక్క భాగం లేదా తొడ బయటి కండరం మేలు. పిరుదు మధ్యలోకి, కిందికి పొడిస్తే సయాటిక్ నరానికి తగిలి కాలు పడిపోయే ప్రమాదం ఉంది. సూది తగలగానే కరెంటు షాక్ కాలి వేళ్ళదాకా పాకితే వెంటనే ఆపమని చెప్పండి. లోపలికి నెమ్మదిగా తోయాలి. మందు ఆమ్ల స్వభావం కాబట్టి నొప్పి మామూలే.

డైక్లోఫెనాక్, బి-కాంప్లెక్స్ ఒకే సిరంజిలో కలిపేయడం మన దగ్గర రోజూ జరిగే తప్పు. డైక్లోఫెనాక్ ద్రావణం క్షారం వైపు ఉంటుంది, థయమిన్ ఆమ్లంలోనే నిలుస్తుంది. కలిపితే మందు తెల్లగా విరగవచ్చు, బి1 చెడిపోవచ్చు. రెండూ కావాలంటే రెండు సిరంజిలు, రెండు చోట్లు. లేబుల్ మీద 'కండరానికి మాత్రమే' అని ఉన్న ఆంప్యూల్‌ను సెలైన్‌లో కలపడం, రక్తనాళంలోకి నేరుగా తోయడం అసలు ఒప్పుకోవద్దు.

డెంగ్యూ సీజన్‌లో జ్వరం తగ్గాక నీరసమని బలం సూది కోసం వెళ్ళేవాళ్ళు చాలామంది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నప్పుడు కండరంలో సూది పడితే లోపల రక్తం గడ్డకట్టి పిరుదు ఉబ్బిపోతుంది. వార్ఫరిన్ లాంటి రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్ళకూ ఇదే ముప్పు. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడేవాళ్ళు, పార్కిన్‌సన్స్‌కు కార్బిడోపా లేని లెవోడోపా వాడేవాళ్ళు బి6 పడేముందు డాక్టరుకు చెప్పాలి, ఆ మందుల పని తగ్గుతుంది.

చివరిగా అలర్జీ. థయమిన్ ఇంజెక్షన్‌తో అరుదుగా ప్రాణాపాయమైన అనాఫిలాక్సిస్ (ఒళ్ళంతటినీ దెబ్బతీసే తీవ్ర అలర్జీ) వస్తుంది. బ్రిటన్ ఔషధ భద్రత కమిటీ 1989లోనే పేరెంట్రోవైట్ అనే బి-విటమిన్ ఇంజెక్షన్ మీద హెచ్చరిక ఇచ్చింది. రక్తనాళంలోకి ఇవ్వాల్సివస్తే సెలైన్‌లో పలచన చేసి అరగంట పాటు నెమ్మదిగా ఇచ్చే పద్ధతి పాటిస్తారు. ఇంతకుముందు పదిసార్లు పడింది, ఏమీ కాలేదంటే లాభం లేదు. అలర్జీ పదకొండోసారీ రావచ్చు. చర్మం కింద టెస్ట్ డోసు బాగానే ఉన్నా హామీ లేదు. అందుకే కూర్చోకముందు ఒక్క ప్రశ్న అడగండి: "అడ్రినలిన్ ఉందా, చూపిస్తారా?"

ఒంటి మీద దద్దుర్లు, గొంతు బిగుసుకుపోవడం, ఆయాసం, కళ్ళు తిరగడం నిమిషాల్లో మొదలవుతాయి. అప్పుడు పెద్దవాళ్ళకు 1 మి.గ్రా./మి.లీ. అడ్రినలిన్ 0.5 మి.లీ. తొడ బయటివైపు మధ్యలో కండరంలోకి పడాలి. తగ్గకపోతే ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాలి, లేపి నిలబెట్టకూడదు. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వొచ్చు. చాలా క్లినిక్‌లలో ముందు ఎవిల్ (అలర్జీ మందు), డెక్సామెథాసోన్ వెతుక్కుంటారు. అవి తర్వాతి మందులు, ప్రాణం నిలిపేది అడ్రినలినే. ఆ వెంటనే 108కి ఫోన్. ఏమీ కాకపోయినా సూది తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. 'ఇంటికొచ్చి పెట్టేస్తాం' అనే డ్రిప్ సేవలకు మేము మార్కులు వేయకపోవడానికి ఇదే కారణం: నర్సు క్యాన్యులా పీకి బండెక్కాక మీ దగ్గర అడ్రినలిన్ ఉండదు.

సూది వేసిన చోట రెండు మూడు రోజుల తర్వాత గట్టిపడి ఎర్రగా, వేడిగా ఉండి జ్వరం వస్తే చీము పడుతోందని అర్థం. పసుపు పట్టు వేసి కూర్చోకుండా సర్జన్‌కు చూపించండి. వేయించుకున్న రోజే ఆంప్యూల్ లేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి, బ్రాండు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనిపించేలా. ఏదైనా దుష్ఫలితం వస్తే కేంద్ర ప్రభుత్వ ఔషధ భద్రత కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు రోగి గానీ ఇంట్లోవాళ్ళు గానీ నేరుగా ఫోన్ చేసి చెప్పొచ్చు. వాళ్ళు అడిగే వివరాల్లో ఆ బ్యాచ్ నంబరు కూడా ఉంటుంది.